నల్ల కాగితం మీద గోథమ్

సంపాదకుల వారికి,

1992 సెప్టెంబరులో అమెరికాలో ఫాక్స్ ఛానల్‌లో మొదలైన బ్యాట్‌మ్యాన్ యానిమేషన్ సీరియల్ గురించి ఎవరు మాట్లాడినా ‘చీకటి బొమ్మలు’ అని ఊరుకుంటారు. ఆ చీకటి ఎలా వచ్చిందన్నదే అసలు సంగతి. కార్టూన్ నేపథ్యాలకు మామూలుగా వాడే తెల్ల కాగితం వదిలి, సీరియల్ రూపకర్తల్లో ఒకడైన ఎరిక్ రాడోమ్‌స్కీ నల్ల కాగితం తీసుకున్నాడు. బ్యాట్‌మ్యాన్ ఊరైన గోథమ్‌లో వెలుగు పడే కిటికీ, గోడ అంచు, పొగమంచు మాత్రమే రంగుతో అద్దితే చాలు. మిగిలిన రాత్రి కాగితమే ఇచ్చేస్తుంది.

మరో రూపకర్త బ్రూస్ టిమ్ పాత్రలకు గీతలు తగ్గించాడు. కారణం ఉంది: ఒక్కో బొమ్మను వందలసార్లు గీయాలి, గీత ఎక్కువైన కొద్దీ ముఖం మారిపోతుంది. అయినా జపాన్, కొరియా స్టూడియోలు పంచుకున్న పని కాబట్టి ఎపిసోడ్‌కూ ఎపిసోడ్‌కూ తేడా కనిపిస్తుంది. ఈ లోపాన్ని అభిమానులు దాటేస్తుంటారు.

కథలోనూ ముద్ర గట్టిదే. బ్యాట్‌మ్యాన్ శత్రువు జోకర్ పక్కన చిన్న వేషంగా పుట్టిన హార్లీ క్విన్ తర్వాత కామిక్స్‌లోకి, అక్కణ్నుంచి సినిమాల్లోకి వెళ్లింది. సాధారణంగా కామిక్స్ నుంచి తెరకు వస్తారు, ఈమెది ఎదురు ప్రయాణం! మంచు తుపాకి దొంగ మిస్టర్ ఫ్రీజ్‌కు జబ్బుపడిన భార్యను ఇచ్చిందీ ఈ సీరియలే.

ఇట్లు,
ఒక పాఠకుడు