టూర్ ద ఫ్రాన్స్‌ను చివరి కిలోమీటరు దాకా చూడనివ్వండి: స్పోర్ట్స్ ఛానల్ ప్రసారాల అధిపతికి బహిరంగ లేఖ

అయ్యా,

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. సరిహద్దు దాటి పాతపట్నం దాకా సైకిల్ తొక్కే మా బృందానికి జులైలో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం వస్తే పండగే. ఫ్రాన్స్‌లో సాయంత్రం ముగిసే స్టేజి (పందెంలో ఆ రోజు దశ) ఫలితం ఇక్కడ రాత్రి తొమ్మిది ప్రాంతంలో తేలుతుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు.

మీరు చూడనిస్తే కదా! 2025 జులై 22న మోఁ వాంతూ కొండ మీద పారే-పాంత్ర్, బెన్ హీలీ అనే ఇద్దరు సైక్లిస్టులు చివరి మలుపు దాకా తలపడ్డారు. సరిగ్గా అలాంటి ఘట్టాలప్పుడే మీ ఛానల్లో ప్రకటనలు మొదలవుతాయి. తిరిగొచ్చేసరికి విజేత గెలిచిన సంబరంలో చేతులు పైకెత్తి ఉంటాడు.

ఇంకో బాధ. ముందు దూసుకుపోయినవాళ్లకూ వెనక గుంపుకూ మధ్య ఎంత తేడా ఉందో చూపే అంకెను మీ స్క్రోలింగ్ కప్పేస్తోంది. ఈ పందెం ప్రాణమంతా ఆ అంకెలోనే ఉంది. నాలుగు నిమిషాలు కరిగి నలభై సెకన్లయ్యేకొద్దీ పట్టుకుంటారా లేదా అని టెన్షన్. అది కనబడకపోతే కొత్తవాళ్లకు ఎవరో సైకిల్ తొక్కుతున్నట్టే ఉంటుంది, పాపం.

చదునైన దారిలో ఎన్ని ప్రకటనలైనా వేసుకోండి. చివరి పది కిలోమీటర్లు మాత్రం వదిలేయండి. తెలుగు వ్యాఖ్యానం పెట్టండి. 2022 నుంచి జరుగుతున్న మహిళల టూర్‌ను కూడా ప్రత్యక్షంగా చూపండి, మా ఆడపిల్లలు అడుగుతున్నారు.

ఇట్లు,
ఒక ప్రేక్షకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా