గ్రూప్ క్లాసు అన్ని కుక్కపిల్లలకూ పడదు

సంపాదకులకు,

కుక్కపిల్లల శిక్షణపై ఈమధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసం, పిల్లను తెచ్చిన వెంటనే దగ్గర్లో ఉన్న గ్రూప్ క్లాసులో చేర్చేయమంది. తొందరపడమనడంతో మాకు పేచీ లేదు. ఏ క్లాసైనా ఒకటే, ఏ పిల్లయినా ఒకటే అన్నట్టు రాయడం దగ్గరే చిక్కంతా.

తొందర ఎందుకో ముందు చెప్పాలి. మనుషులనూ సాటి కుక్కలనూ చప్పుళ్లనూ పిల్ల పెద్దగా బెదురు లేకుండా అలవాటు చేసుకునే వయసు సుమారు 3 వారాల నుంచి 12-14 వారాల దాకా. టీకాల కోర్సు ముగిసేసరికి 16 వారాలు నిండుతాయి. అన్నీ పూర్తయ్యాకే గడప దాటిద్దామనుకుంటే ఆ వయసు కాస్తా చేజారుతుంది. అందుకే జంతువుల ప్రవర్తనపై పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం ఏవీఎస్ఏబీ 2008లోనే ఒక మధ్యేమార్గం చెప్పింది. 7-8 వారాల వయసుకే క్లాసు మొదలుపెట్టవచ్చు. అయితే దానికి కనీసం 7 రోజుల ముందు మొదటి విడత టీకాలు, మొదటిసారి నట్టల మందు పడి ఉండాలి. మిగతా టీకాలూ వేళకు పడుతుండాలి.

దీంతో జబ్బు అంటుకునే ముప్పు పూర్తిగా పోదు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు తొలి టీకాలను కొన్ని పిల్లల్లో పనిచేయనివ్వవు. అందుకే టీకా మళ్లీ మళ్లీ వేసేది. కాబట్టి క్లాసు జరిగే చోటును నిలదీసి అడగాలి. వాంతులు, విరేచనాలతో కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌ను నమ్ముకోవడానికి లేదు. మలం, మట్టి ముందు కడిగేసి, ఒక వంతు ఇంటి బ్లీచ్‌కు 30 వంతుల నీళ్లు కలిపి, నేల 10 నిమిషాలు తడిగా ఉండేలా పరిస్తేనే ఫలితం. వచ్చిపోయే కుక్కలన్నీ తిరిగే పార్కు కన్నా కడగడానికి వీలైన గచ్చు మేలు, జారకుండా ఉంటే ఇంకా మేలు. టీకా కార్డు అడగని క్లాసు, దగ్గుతున్న పిల్లను వెనక్కి పంపని క్లాసు మనకొద్దు.

చేరే ముందు పిల్లను ఇంట్లోనే ఉంచి ఒక క్లాసు చూసి రండి. చూడటానికి ఒప్పుకోకపోతే ఆ సంగతి అక్కడితో వదిలేయవచ్చు. ఒక్క శిక్షకుడి చేతిలో ఆరు పిల్లలు దాటితే దేనిమీదా కన్ను నిలవదు. మెడకు బిగుసుకునే గొలుసు, ముళ్ల పట్టీ, షాక్ కాలర్ కనిపించినా, యజమాని ఎవరో చూపించాలంటూ పిల్లను వెల్లకిలా నొక్కిపెట్టినా వెనక్కి వచ్చేయండి. ఆ నొప్పి పక్కనున్న కుక్కతోనో మనిషితోనో దాని బుర్రలో ముడిపడిపోతుంది.

అసలు రంగు మాత్రం ఆటకు వదిలినప్పుడే బయటపడుతుంది. అన్నిటినీ ఒక్కసారి కలిపేసి, అవే సర్దుకుంటాయిలే అని శిక్షకుడు చేతులు కట్టుకుంటే అక్కడ నేర్చుకునేది రౌడీతనమో పిరికితనమో. సైజు, దూకుడు చూసి రెండేసి, మూడేసి చొప్పున వదలాలి. మంచి ఆటలో తరిమేది, తరిమించుకునేది మారుతుంటాయి, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటాయి. అనుమానమొస్తే మీద పడుతున్నదాన్ని పట్టుకోండి. రెండోది మళ్లీ దాని దగ్గరికే వస్తే ఆటే. కుర్చీ కిందికి దూరితే దానికి చాలైపోయినట్టు.

ఇక మీ పిల్ల సంగతి. చలాకీ పిల్లకు క్లాసు పడుతుందని, బెదురు పిల్లకు పడదని చాలామంది లెక్క. లోపలికి రాగానే మూలన చేరిన పిల్ల కూడా పది నిమిషాల్లో మెడ చాచి వాసన చూస్తూ, పెట్టింది తింటుంటే దానికి క్లాసు మేలే చేస్తుంది. బెదరడం సహజం, ఎంతసేపటికి తేరుకుంటోందో చూడాలి. ఇంట్లో ఎగబడి తినే ముక్కను అక్కడ ముట్టకపోయినా, వేళ్లు కరిచేంత గాభరాగా లాక్కున్నా ఒత్తిడిలో ఉందనే అర్థం. నిద్ర రాకున్నా ఆవులింతలు, ఊరికే మూతి నాక్కోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించే ఓరచూపు, ఉక్క లేకున్నా రొప్పడం కూడా అవే గుర్తులు. కదలకుండా పడి ఉన్న పిల్లను చూసి ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోకండి. భయంతో బిగుసుకుపోయిన పిల్ల కూడా అచ్చం అలాగే ఉంటుంది.

అప్పుడు మొదట చేయాల్సింది దూరం పెంచడం. 10 అడుగుల దూరంలో తినని పిల్ల 25 అడుగుల దగ్గర తింటే దాని పాఠం అక్కడే జరగాలి. చోటు చాలకపోతే మధ్యలో తెర కట్టమనండి. అలా రెండు క్లాసులు చూశాక కూడా గుమ్మం దగ్గర మొరాయిస్తుంటే, ఇంటికొచ్చాక తిండీ నిద్రా తప్పుతుంటే మాన్పించండి. అలవాటవుతుందిలే అని లాక్కెళ్తే భయం ముదురుతుంది.

మొరిగే పిల్లల్లో రెండు రకాలు. ముందుకు గుంజుతూ, ఒళ్లు వదులుగా పెట్టి, కలవనివ్వగానే నోరు మూసేది ఆత్రంతో మొరుగుతోంది. దానికి తెర, కాస్త తిండి చాలు. వెనక్కి తగ్గుతూ మొరిగేదానికి దూరం కావాలి. గుర్రుమని కరవబోయేదాన్ని, గిన్నె దగ్గరికి ఎవరినీ రానివ్వనిదాన్ని గుంపులోకి తేకూడదు. ముందు పశువైద్యుడికి చూపించాలి, లోపల ఏ చెవిపోటో ఉండొచ్చు. ఆ తర్వాత విడిగా శిక్షణ.

క్లాసు మానిన పిల్లను ఇంట్లో మూసిపెట్టకండి. చంకనెత్తుకుని రద్దీకి దూరంగా నిలబడి చూపించండి. టీకాలన్నీ పడిన, నెమ్మదస్తురాలైన పెద్ద కుక్క ఒక్కటి తోడున్నా చాలా పని జరుగుతుంది.

క్లాసు రోజు ముందు పూట తిండి సగానికి తగ్గించండి. బఠాణీ గింజంత ముక్కలే పెట్టండి. ఇవన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు దాటకూడదు. కొత్త తిండి ఎక్కువైతే విరేచనాలు, ఆపైన అది పార్వోనేమోనని కంగారు.

శిక్షకులకూ ఒక విన్నపం. పడని పిల్లను రెండో క్లాసు తర్వాత విడి శిక్షణకు మార్చుకునే వీలు చేరేటప్పుడే కాగితం మీద రాసివ్వండి. కట్టిన డబ్బు పోతుందనే చాలామంది వణుకుతున్న పిల్లను చివరిదాకా లాక్కొస్తున్నారు.

భవదీయులు,
కొందరు శునక శిక్షకులు