'ఫిట్' అన్న ఒక్క మాట చాలదు

సంపాదకుడికి,

పనిచోట మనసుకు దెబ్బ తగిలి సెలవు పెట్టినవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు చర్చంతా చికిత్స దగ్గరే ఆగిపోతోంది. వాళ్లు మళ్లీ డ్యూటీలో ఎలా చేరాలన్నది ఎవరికీ పట్టడం లేదు. డాక్టరు 'ఫిట్' అని రాస్తే మర్నాటి నుంచి పూర్తి పని, 'అన్‌ఫిట్' అని రాస్తే ఇల్లు. ఈ రెండు మాటల మధ్యలో ఏమీ లేకపోవడం వల్లే, చేరిన కొన్నాళ్లకే మళ్లీ సెలవు చీటీ రాయాల్సి వస్తోంది.

కుంగుబాటు, ఆందోళనల వల్ల ఏటా ప్రపంచమంతా కలిపి 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కగట్టాయి. సెలవులో ఉన్నవారికి వైద్యంతో పాటు పనికి సంబంధించిన తోడ్పాటు కూడా కలిపి ఇవ్వాలన్న సూచన ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల్లో ఉంది. ఆ రెండో సగం చాలాచోట్ల కాగితం దాటి రాలేదు.

అందుకే మార్పు సర్టిఫికెట్‌తోనే మొదలవ్వాలి. రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్ని రోజులు, నైట్ షిఫ్టు ఎన్నాళ్లు వద్దు, ఏ పని ప్రస్తుతానికి ఇవ్వకూడదు, మళ్లీ ఎప్పుడు చూడాలి: ఈ ఐదూ రాస్తే చాలు. జబ్బు పేరు అక్కర్లేదు. 'నాలుగు వారాలు కౌంటర్ మీద కూర్చోబెట్టవద్దు' అని తెలిస్తే సూపర్‌వైజరుకు సరిపోతుంది. అది డిప్రెషనా, మరొకటా అన్నది ఆయన తెలుసుకోవాల్సిన సంగతి కాదు. అయితే ఆ ఉద్యోగంలో ఏమేం చేయాలో డాక్టరుకూ తెలియాలి కదా. పని వివరాలన్నీ ఒక పేజీలో రాసి, ఉద్యోగి ఒప్పుకుంటే యాజమాన్యమే డాక్టరుకు పంపాలి. పది నిమిషాల పని ఇది. చేసేవాళ్లు అరుదు.

సెలవు పెట్టిన మొదటి వారంలోనే ఒక ఫోన్ రావాలి. 'ఎప్పుడొస్తున్నావు?' అని అడగడానికి కాదు. జీతం ఎంతవరకు వస్తుంది, కాగితాలు ఎవరికివ్వాలి, మళ్లీ ఎప్పుడు, ఎవరు పలకరిస్తే ఇబ్బంది ఉండదు అన్నవి తేల్చడానికి. ఇబ్బంది పెట్టకూడదన్న మంచి ఉద్దేశంతోనే కొందరు అసలు మాట్లాడరు. ఈలోగా లాగిన్ ఆగిపోతుంది, టీమ్ వాట్సాప్ గ్రూపులోంచి పేరు తీసేస్తారు. ఇంట్లో కూర్చున్న మనిషి దాన్ని 'నా పని అయిపోయింది' అనే అర్థం చేసుకుంటారు. ఇక వేధింపులే గాయానికి కారణమైతే, వేధించిన అధికారి చేతే ఆ ఫోన్ చేయించడమంత తెలివితక్కువ పని లేదు.

తిరిగి చేరే పద్ధతికి ఒక నమూనా ఇలా ఉండొచ్చు. మొదటి వారం రోజు విడిచి రోజు మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు. రెండో వారం నాలుగు రోజులు, అవే నాలుగు గంటలు. మూడు, నాలుగు వారాల్లో ఐదు రోజులు, ఐదారు గంటలు. ఆ తర్వాత మనిషిని బట్టి ఆరు నుంచి పన్నెండు వారాల్లో పూర్తి సమయం. గంటలు పెంచిన వారంలో బాధ్యత పెంచకూడదు, బాధ్యత పెంచిన వారంలో గంటలు పెంచకూడదు. రెండూ ఒకేసారి పెంచితే ఏది మించిపోయిందో తెలియకుండానే మనిషి కూలబడతాడు.

ఎక్కువగా దెబ్బతినేది మాత్రం ఇక్కడ: గంటలు సగం చేస్తారు, టార్గెట్ మాత్రం పూర్తిగా ఉంచుతారు. నాలుగు గంటల్లో ఎనిమిది గంటల పని చేయించడాన్ని 'లైట్ డ్యూటీ' అనడం వెటకారమే. నెలల తరబడి పేరుకున్న మెయిళ్లను ముందే ఎవరో ఒకరు జల్లెడపట్టి, అవసరమైన పదీ పదిహేనూ ఉంచాలి. మనసు తేలికపడ్డాక కూడా ఏకాగ్రత, జ్ఞాపకం కుదుటపడటానికి ఇంకొంత కాలం పట్టడం మామూలే. ఒకే ఫైలు మీద గంటసేపు కూర్చోగలిగిన మనిషే, మధ్యమధ్యలో ఫోన్లు మోగుతుంటే తడబడతారు. అది బద్ధకమని సూపర్‌వైజరు పొరబడకూడదు.

మిగిలిన సగం పని ఎవరు చేస్తారో కూడా ముందే రాసుకోవాలి. రాయకపోతే ఆ భారం పక్క కుర్చీ మీద పడుతుంది, వారం తిరక్కుండానే సణుగుడు మొదలవుతుంది. జీతం సంగతీ అంతే. సగం గంటలకు సగం జీతమే అంటే, ఇల్లు గడవక రెండో వారానికే 'నాకు బాగానే ఉంది, ఫుల్ డ్యూటీ వేయండి' అంటారు. మిగతా గంటలను సిక్ లీవు కింద సర్దాలి.

మందుల విషయం క్లుప్తంగా. కుంగుబాటు మందులు పనిచేయడానికి సాధారణంగా రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. నిద్రమాత్రల మత్తు మర్నాడు పొద్దున దాకా ఉండొచ్చు కాబట్టి డ్రైవింగ్, యంత్రాలు, ఎత్తు మీద పనుల గురించి డాక్టరును అడిగి తీరాలి. డ్యూటీలో చేరాం కదా అని మందు ఆపేయడం పెద్ద పొరపాటు. నయమయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడమనే డాక్టర్లు సాధారణంగా చెబుతారు.

దాడి, ప్రమాదం లాంటివి జరిగినచోట అందర్నీ మర్నాడే ఒక గదిలో కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించే అలవాటు మానుకోవాలి. దానివల్ల మేలు జరగదనే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వద్దంది. పీడకలలు, ఉలికిపాటు నెల దాటినా తగ్గకపోతే ప్రత్యేక చికిత్సకు పంపాలి. ఘటన జరిగిన చోటికి తిరిగి రావడమూ మెట్టు మెట్టుగానే జరగాలి: థెరపిస్టు సలహాతో ముందు గేటు దాకా, తర్వాత రద్దీ లేని వేళ తోడుతో లోపలికి, ఆ తర్వాత పది నిమిషాలు అదే కుర్చీలో. అయితే తలుపుకు గడియ లేకపోవడం వల్లే దాడి జరిగి ఉంటే, ముందు గడియ పెట్టించాలి. కారణం అలాగే ఉంచి మనిషికి ధైర్యం నూరిపోస్తే అది వైద్యం కాదు. పనిలోని మానసిక ప్రమాదాలను ఎలా గుర్తించి సరిదిద్దాలో చెప్పే ఐఎస్ఓ 45003 ప్రమాణం 2021 నుంచే అందుబాటులో ఉంది.

వారానికోసారి పదిహేను నిమిషాల సమీక్ష కూడా ప్రణాళికలో ఉండాలి. నిద్ర తగ్గడం, భోజనం మానేసి పనిచేయడం, చిన్న మాటకే కళ్లనీళ్లు రావడం వంటి హెచ్చరికలను ఉద్యోగే ముందుగా రాసివ్వాలి. అవి కనిపించిన వారం ఒక మెట్టు దిగితే సరిపోతుంది, మళ్లీ పూర్తి సెలవు అవసరం పడకపోవచ్చు. ఈ సమీక్షలు పూర్తి సమయానికి చేరిన రోజుతో ఆపేయకుండా, నెలకోసారి చొప్పున మరో ఆరు నెలలు సాగాలి. ఆరోగ్య, కార్మిక శాఖలు సర్టిఫికెట్ నమూనాను మార్చేటప్పుడు ఆ తేదీలకు కూడా ఒక గడి కేటాయించాలని మనవి.

ఇట్లు,
వృత్తి ఆరోగ్య రంగంలో పనిచేస్తున్న పాఠకులు