ఊరితో ముడిపడిన విశ్వవిద్యాలయాలు

సంపాదకులకు నమస్కారం.

అమెరికా రాష్ట్ర విశ్వవిద్యాలయాలంటే మన పత్రికల్లో వీసాలు, ఫీజుల ప్రస్తావనే తప్ప, తాము ఉన్న ప్రాంతంతో వాటికి గల అనుబంధం చర్చకు రావడం అరుదు. మా అమ్మాయి మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో, ఆన్ ఆర్బర్‌లో ఒక శనివారం నేను చూసింది అమెరికన్ ఫుట్‌బాల్ పోటీ ఒక్కటే కాదు. సుమారు 1,20,000 జనాభా గల ఆ ఊళ్లో లక్షకు పైగా ప్రేక్షకులు పట్టే స్టేడియం నిండుతుంటే, చుట్టుపక్కల ఇళ్లవారు తమ ముంగిట పచ్చికలో కార్లు నిలుపుకోనిచ్చి, రుసుము తీసుకుంటూనే వచ్చినవారిని ఆప్యాయంగా పలకరిస్తున్నారు. (బంతిని కాలితో తన్నేది తక్కువే అయినా ఆ ఆటకు ఆ పేరెందుకో!)

ఆట ముగిసిన మర్నాడు కూడా ఆ ఊరికి విశ్వవిద్యాలయమే జీవనాధారం. దాని బోధనాసుపత్రితో కలిపి చూస్తే ఆ ప్రాంతంలో అత్యధికులకు ఉద్యోగాలిస్తున్నది అదే. అదే రాష్ట్రంలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం మరో కోవకు చెందినది: వ్యవసాయ, సాంకేతిక విద్యాసంస్థల కోసం రాష్ట్రాలకు ప్రభుత్వ భూములు కేటాయించిన 1862 నాటి మోరిల్ చట్టం వల్ల లబ్ధి పొందిన ఇలాంటి సంస్థలు, 1914లో వ్యవసాయ విస్తరణ సేవలకు నిధులు సమకూర్చే స్మిత్-లీవర్ చట్టం వచ్చాక వ్యవసాయ పరిశోధన ఫలితాలను రైతుల వద్దకే తీసుకువెళ్లాయి.

అయితే అనేక రాష్ట్రాల్లో ప్రభుత్వ వేతనజీవులందరిలోకీ అత్యధిక జీతం ఫుట్‌బాల్ లేదా బాస్కెట్‌బాల్ శిక్షకుడిదే కావడం మాత్రం నాకు మింగుడుపడలేదు. ఆ సొమ్ము టికెట్లు, ప్రసార హక్కులు, విరాళాల నుంచి వస్తుందని అంటారు గానీ, ఆ ఆదాయంలో గ్రంథాలయానికి దక్కే వాటా ఎంతో కూడా చెబితే బాగుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు