మాస్టారితో గిరి చుట్టూ ఒక రాత్రి

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

ముందు నన్ను క్షమించు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, రోజూ రాద్దామనుకోవడం, ఏదో ఒకటి అడ్డు రావడం. ఇంట్లో అందరం బాగున్నాం. అమ్మకి కంటి ఆపరేషన్ అయింది, ఇప్పుడు నీ ఫొటో చూసి బాగా చిక్కిపోయావంటోంది. చిన్నదానికి పదో తరగతి, ఇల్లంతా అదే టెన్షన్. చర్చికి సున్నం వేయించాం. మిగతా కబుర్లు ఇంకోసారి. చెప్పాల్సింది ఒకటుంది, అది నీకు చెప్పేదాకా నాకు మనసు ఆగదు.

నేను అరుణాచలం వెళ్ళొచ్చాను. గిరి ప్రదక్షిణకి. తొందరపడకు, మొత్తం చదువు.

మా వీధి చివరింటి మాస్టారు గుర్తున్నారా? కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. నువ్వొచ్చినప్పుడు మామిడిచెట్టు కింద కూర్చోబెట్టి నీ చేత జాషువా పద్యం మూడుసార్లు చెప్పించారు చూడు, ఆయన. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నారు. ఒక్కడే కొడుకు, అమెరికాలో. వాళ్ళిద్దరి మధ్య మాటల్లేవని వీధందరికీ తెలుసు, ఎందుకో ఎవరికీ తెలియదు. ఈయన వెతకని చోటు లేదు బావా. పదిరోజులు మౌనంగా విపశ్యనలో కూర్చుని వచ్చారు. ఉపనిషత్తులు సరే, మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పుస్తకాలన్నీ చదివారు. 1929లో ఆయన తన సంఘాన్ని తనే రద్దు చేసి, సత్యానికి దారంటూ లేదన్న సంగతి నాకు చెప్పింది మాస్టారే. ఇప్పుడు రమణుల ‘నేనెవరు’ మీద ఉన్నారు.

పౌర్ణమికి గిరి చుట్టాలని కోరిక, మోకాళ్ళు చూస్తే సహకరించవు. పద్నాలుగు కిలోమీటర్లు. ‘తోడు వస్తావా?’ అని అడిగారు. నేను రెండు రోజులు ప్రార్థన చేసి ఒప్పుకున్నాను. ఆ రెండు రోజులూ నాకు మన హాస్టల్ పద్నాలుగో గది గుర్తుకొస్తూనే ఉంది. ఆ రాత్రి వాదనలో మనం గెలిచాం, తెల్లారేసరికి మనతో వాదించినవాడు పెట్టె సర్దుకున్నాడు. ఇన్నేళ్ళయినా నువ్వూ నేనూ ఆ గది పేరెత్తం. ఈసారి అలా కాకూడదని అనుకున్నాను.

తిరుపతిలో రైలు దిగి బస్సులో తిరువణ్ణామలై చేరాం. అక్కడ తెలుగు బోర్డులు, తెలుగు మాటలు చూస్తే మన జిల్లాలోనే ఉన్నామా అనిపిస్తుంది. చీకటి పడ్డాక నడక మొదలుపెట్టాం. ఇంద్రలింగం, అగ్నిలింగం, యమలింగం... ఇలా దారి పొడుగునా ఎనిమిది గుళ్ళు. ఒక్కో గుడి దగ్గర ఆయన లోపలికి వెళ్తే నేను రోడ్డు అవతల సంచీ పట్టుకుని నిలబడేవాణ్ణి. అలా ఉండమన్నది ఆయనే. ‘నీకు నమ్మకం లేనిచోట నా కోసం దండం పెట్టకు, నాకది మర్యాద కాదు’ అన్నారు. ఎంత పెద్ద మనసో చూడు!

నిలబడ్డప్పుడల్లా అపొస్తలుల కార్యాల్లోని పౌలు గుర్తొచ్చాడు. ఏథెన్సులో విగ్రహాలు చూసి ఆయన ఆత్మ పరితాపం పట్టలేకపోయింది, నిజమే. అయినా అరేయొపగు సభ ముందు నోరు తెరిచినప్పుడు వాళ్ళని తిట్టలేదు కదా. ఊరంతా తిరిగి చూసి, ‘తెలియబడని దేవునికి’ అని రాసి ఉన్న బలిపీఠం దగ్గర మొదలుపెట్టాడు, వాళ్ళ కవుల మాటే వాళ్ళకి చెప్పాడు. మనం ఆ అధ్యాయం ఎన్నిసార్లు చదివాం! తిరిగి చూడడం అన్న ముక్క మాత్రం దాటేశాం.

యమలింగం దాటాక నన్ను సూటిగా అడిగారు, ‘నన్ను మార్చాలని ఉందా?’ అని. గుండె ఝల్లుమంది. ‘మీరు యేసును తెలుసుకోవాలని ఉంది మాస్టారూ, అది దాచను. మీ మోకాలికి మందు రాయడానికి మాత్రం అది షరతు కాదు’ అన్నాను. ఆయన నవ్వి, ‘సరే చెప్పు. ముందే చెబుతున్నా, అసతోమా సద్గమయతో మొదలుపెట్టి యేసు చెప్పిన నేనే మార్గము, సత్యము, జీవము దగ్గరికి తేకు. ముప్పై ఏళ్ళ క్రితం ఒక పాస్టరుగారు అలాగే చెప్పారు. నీ సంగతి చెప్పు’ అన్నారు.

నేను సిద్ధం చేసుకున్నది సరిగ్గా అదే బావా!

ఇంక ఏముంది చెప్పడానికి? నాన్న సంగతి చెప్పాను. నాన్న పోయినరోజు నేనెక్కడున్నానో నీకొక్కడికే తెలుసు, ఇప్పుడు ఆయనకీ తెలుసు. దాని తర్వాత నేను ఎలా ఉన్నానో, లూకా పదిహేనో అధ్యాయం దగ్గర నాకేం జరిగిందో... అది నీకు మళ్ళీ రాయక్కర్లేదు. చెప్తూ చెప్తూ, తండ్రి ఆస్తి తగలేసి తిరిగొచ్చిన ఆ తప్పిపోయిన కొడుకు కథ మొత్తం చెప్పేశాను. ‘వాడింక దూరముగా ఉన్నప్పుడు తండ్రి వానిని చూచి కనికరపడి, పరుగెత్తి’ అనగానే ఆయన ఆగిపోయారు.

‘ఆ వయసులో పరుగెత్తాడా?’

అవునన్నాను. కుబేరలింగం దాటాక ఒక టీకొట్టు బెంచీ మీద కూర్చున్నాం. చాలాసేపు మోకాలు రుద్దుకుంటూ ఉండిపోయారు. తర్వాత, ‘మా పోతన చెప్పిన విష్ణుమూర్తీ పరుగెత్తాడోయ్, లక్ష్మీదేవికి కూడా చెప్పకుండా’ అన్నారు. గజేంద్రమోక్షం! నేను బదులు చెప్పలేదు. పద్నాలుగో గదిలోనైతే ఏదో ఒకటి అనేసేవాణ్ణే. ఆయనే మెల్లగా అన్నారు: ‘ఏనుగు మొసలి నోట్లో ఉండి మొరపెట్టుకుంది. ఈ కొడుకు పిలవలేదు. పైగా వాడు తప్పు చేసింది ఆ తండ్రికే.’ ఇంకాసేపటికి, ‘తను ఎవరో వాడు తేల్చుకోలేకపోయాడు. కొడుకుని అనిపించుకోవడానికి తగను, కూలివాణ్ణి అనుకున్నాడు. నా కొడుకు అని తండ్రే చెప్పాడు’ అన్నారు.

నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ కథ మీద నేను చర్చిలో ఎన్నిసార్లు వాక్యం చెప్పానో, ఈ మాట నాకెప్పుడూ తట్టలేదు.

తర్వాత అడిగిన ప్రశ్న గట్టిది. ‘వాడు తగలేసిన ఆస్తి లెక్క ఎవరు కట్టారు? కర్మ ఎక్కడికి పోతుంది?’ నాకు తెలిసింది చెప్పాను. తండ్రే భరించాడు. క్షమించడమంటే నష్టం మాయమైపోవడం కాదు, క్షమించినవాడు దాన్ని తన మీద వేసుకోవడం. సిలువ అంటే నాకదే అన్నాను. జాషువా ‘క్రీస్తు చరిత్ర’ ఆయనకి కంఠతా వచ్చు, 1964లో దానికి అకాడమీ అవార్డు వచ్చినప్పటి ముచ్చట్లు కూడా చెబుతుంటారు. ‘ఆ పద్యాలు చదివినప్పుడల్లా ఒక మంచివాణ్ణి చంపారే అని ఏడ్చాను. ఎవరిదో లెక్క కడుతున్నాడని అనుకోలేదు’ అన్నారు.

చివర్లో, ‘అయితే అన్నీ ఒకటేలే’ అని నా భుజం తట్టారు. అక్కడ ఊరుకుంటే ఇద్దరికీ హాయిగా ఉండేది. ఊరుకోలేకపోయాను. ‘నాకలా అనిపించదు మాస్టారూ. ఒకటే అంటే మీరు నలభై ఏళ్ళు వెతికినదాన్నీ, నాకు దొరికినదాన్నీ రెండిటినీ చిన్నచేసినట్టు అవుతుంది’ అన్నాను. కోపం వస్తుందేమోనని భయపడ్డాను. రాలేదు. ఈశాన్యలింగం దాకా నా చెయ్యి పట్టుకునే నడిచారు.

మన చర్చిలో ఒకరిద్దరికి ఇది నచ్చలేదు. గిరి చుట్టి వచ్చి ప్రభువు బల్ల, ఆ రొట్టె, ద్రాక్షారసం ఎలా తీసుకుంటావని అడిగారు. బాధేసింది. అయినా ఆ రాత్రి నేను ఎవరితో నడిచానో, ఎందుకు నడిచానో ప్రభువుకి తెలుసు. నువ్వేమంటావో రాయి, మొహమాటపడకు. నీ మాట నాకు కావాలి.

మాస్టారికి లూకా సువార్త విడి పుస్తకం ఇచ్చాను, ఆయనే అడిగారు. మొన్న చూస్తే అంచుల్లో అంతా పెన్సిల్ రాతలు. ‘తమ్ముడి విందుకి రానని అలిగిన పెద్దకొడుకు చివరికి లోపలికి వెళ్ళాడా లేదా? రాయలేదేం?’ అంటారు. కొడుకుతో మాట్లాడారో లేదో నేను అడగలేదు. ఆయన కోసం రోజూ ప్రార్థన చెయ్యి బావా. పౌలు మాట విన్నవాళ్ళలో కొందరు అపహాస్యం చేశారు, కొందరు మరోసారి వింటామన్నారు, దియొనూసి, దమరి లాంటివాళ్ళు నమ్మారు. మాస్టారు ఇప్పుడు ‘మరోసారి వింటాం’ అన్నవాళ్ళలో ఉన్నారు. ఏలూరు బస్టాండులో మజ్జిగ తాగుతూ నువ్వు నాతో ఒట్టు వేయించుకున్నది గుర్తుందా? ఆ ఒట్టు మీద

గేటు చప్పుడయింది. మాస్టారే. చేతిలో లూకా, దాంతోపాటు విమానం కవరు ఒకటి ఉంది. ఇంక రాయలేను, ఇది పోస్టు డబ్బాలో వెయ్యమని ఇప్పుడే ఒక కుర్రాడికి ఇచ్చేస్తున్నాను.

నీ
తబలా