హనుమకొండ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

నమస్కారం సార్.

2024లో కాళోజీ కళాక్షేత్రం తెరుచుకుంది, సంతోషం. ఇప్పుడు అందులో మన పిల్లల ఆర్కెస్ట్రా ఒకటి కావాలి. అయితే వాయిద్యాలు కొనే ముందు గురువులను చూడండి. 1975లో వెనెజువెలాలో హోసే ఆంటోనియో అబ్రూ అనే సంగీతకారుడి యువ ఆర్కెస్ట్రా మొదలైంది ఓ గ్యారేజీలోనే.

ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ ఒక్కరే చాలరు. వయొలిన్ పిల్లల కమాను పట్టు దిద్దేవారు, వేణువుకు ఊపిరి నేర్పేవారు, తాళం తప్పినవాణ్ని కసరకుండా కలుపుకుపోయేవారు కావాలి. మన ఒగ్గుడోలు కళాకారులనూ గురువులుగా కూర్చోబెట్టండి. అన్ని డోళ్లనూ ఒక్క దరువు మీద నడిపే విద్య వాళ్లది!

వాళ్లకు శాలువాలు కాదు సార్, నెలనెలా జీతం ఇవ్వండి. పండుగకోసారి పిలిచి పంపేస్తే పిల్లలకు ఏం ఒంటబడుతుంది? సాయంత్రం సాధనకు ఒక గది కూడా ఇప్పించండి.

ఇట్లు,
ఓ విద్యార్థి తల్లి, కాజీపేట