ఎలుకల దగ్గరే ఆగిపోతున్న మందు: మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. ఇది నేను మీకు రాస్తున్న నాలుగో ఉత్తరం. మొదటి రెండూ రిజిస్టరు పోస్టులో పంపాను, చేరినట్టు రసీదులు నా దగ్గర ఉన్నాయి. మూడోది మీ కార్యాలయానికి స్వయంగా వచ్చి ఇచ్చాను. తీసుకున్న అధికారి ముద్ర వేసి, పరిశీలనకు పంపుతామని మర్యాదగానే చెప్పారు. ఆ మాట విని పద్నాలుగు నెలలైంది. కాదని ఒక్క ముక్క రాసినా ఊరుకునేదాన్నేమో. జవాబే లేదు కాబట్టి ఈసారి పదిమందీ చదివేలా రాస్తున్నాను.

విషయం కొత్తది కాదు. ఔషధ మొక్కల సారాలను మధుమేహ రోగుల మీద పరీక్షించడానికి రెండో దశలో ఇస్తామన్న నిధుల గురించే. పథకం సంగతులు మీకు తెలుసు, వాటిని మళ్లీ ఏకరువు పెట్టను. రెండో దశ రాకపోవడం వల్ల మా దగ్గర ఏం జరుగుతోందో మాత్రం చెబుతాను.

నేను ఫార్మకాలజీ బోధిస్తాను. ఏటా మా దగ్గర ఒక విద్యార్థి ఒక మొక్కను ఎంచుకుంటాడు. పొడపత్రి, వేగిస, నేరేడు గింజ, ఏకనాయకం, ఏదో ఒకటి. ఆకునో బెరడునో నీడన ఆరబెట్టి, పొడి చేసి, ఆల్కహాల్‌తో సారం తీస్తాడు. ఎలుకలకు స్ట్రెప్టోజోటోసిన్ ఇంజెక్షన్ ఇస్తాడు. మూడు రోజుల్లో వాటి రక్తంలో చక్కెర పెరిగిపోతుంది. ఆరేసి ఎలుకల చొప్పున గుంపులు కట్టి, ఒక గుంపుకు కిలో బరువుకు 200 మిల్లీగ్రాముల సారం, ఇంకో గుంపుకు 400, మరో గుంపుకు షుగర్‌కు వాడే గ్లిబెన్‌క్లమైడ్ అనే మందు. ఇరవై ఎనిమిది రోజులు తోక నుంచి చుక్క రక్తం తీసి కొలుస్తాడు. చక్కెర తగ్గుతుంది. తర్వాత ఎలుకలను చంపి, క్లోమాన్ని కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తాడు. థీసిస్ రాస్తాడు. "మనుషుల మీద మరిన్ని పరీక్షలు అవసరం" అన్నది దాని చివరి వాక్యం. డిగ్రీ తీసుకుని వెళ్లిపోతాడు. మరుసటి ఏడు మరో విద్యార్థి మరో మొక్కతో వస్తాడు, కొన్నిసార్లు అదే మొక్కతో. పంతొమ్మిదేళ్లుగా ఆ చివరి వాక్యాన్ని దిద్దుతూనే ఉన్నాను. ఆ పరీక్షలు చేసే అవకాశం నా విద్యార్థుల్లో ఒక్కరికీ రాలేదు. ఎన్ని ఎలుకలు పోయాయో లెక్క రిజిస్టర్లలో ఉంది. దాన్ని తిరగేయడానికి నాకు మనసు రాదు.

మా జంతుశాలలో ఎలుకలను చూసుకునే ఒకాయన ఉన్నారు. పేరు రాయను. వాటికి మేత వేసేది, పంజరాలు కడిగేది, పిల్లలకు ఎలుకను పట్టుకోవడం నేర్పేది ఆయనే. ఆయనకు పదేళ్లుగా షుగర్ ఉంది. ఒక సంవత్సరం పొడపత్రి ప్రయోగం జరుగుతున్నప్పుడు గ్లూకోమీటరులో అంకెలు రోజురోజుకూ దిగడం ఆయన కళ్లారా చూశారు. 380 ఉన్న ఎలుక 160కి వచ్చింది. ఎవరికీ చెప్పకుండా ఆకు తెచ్చుకుని పొడి చేసుకున్నారు. మాత్రలు మానేశారు. నాలుగు నెలల తర్వాత కాలికి పుండు పడింది, మానలేదు. రెండు వేళ్లు తీసేశారు. నేను ఆసుపత్రికి వెళ్తే, "తప్పు మీది కాదమ్మా, ఎలుకకు తగ్గింది కదా అనుకున్నాను" అన్నారు. ఆ రోజు నుంచి ఈ పని నాకు ఒకప్పటిలా లేదు మంత్రిగారూ. ఆయన చదువు రానివారేమీ కాదు. ఆయన చూసింది నిజమే. ఆ నిజం మనిషికి ఎంతవరకు వర్తిస్తుందో ఆయనకు చెప్పగలిగే సమాచారం నా దగ్గర కూడా లేదు.

ఎందుకు లేదో చెబుతాను. స్ట్రెప్టోజోటోసిన్ క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపేస్తుంది. మన రోగుల్లో అత్యధికులది అలాంటి జబ్బు కాదు. వారిలో ఇన్సులిన్ ఉంటుంది, కానీ శరీరం దానికి సరిగా లొంగదు. ఏళ్లు గడిచేకొద్దీ కణాలు మెల్లగా అలసిపోతాయి. నెల రోజుల ఎలుక ఇరవై ఏళ్ల జబ్బుకు సాక్ష్యం ఎలా అవుతుంది? మోతాదు సంగతి చూడండి. ఎలుకకు కిలోకు 400 మిల్లీగ్రాములంటే, శరీర ఉపరితలం లెక్కన డెబ్బై కిలోల మనిషికి రోజుకు సుమారు నాలుగున్నర గ్రాముల సారం. ఎండు ఆకులో పదోవంతు సారం దిగుతుందనుకుంటే 45 గ్రాముల ఆకు. అంత ఆకు రోజూ, ఏళ్ల తరబడి తీసుకుంటే కాలేయం ఏమవుతుంది, మూత్రపిండాలు ఏమవుతాయి, ఇప్పటికే వేసుకుంటున్న మాత్రలతో కలిసి చక్కెర ప్రమాదకరంగా పడిపోతుందా? దీనికి ఎలుక జవాబు చెప్పదు.

మొక్క కదా, హాని ఉండదు అనే మాట మీ సభల్లో కూడా విన్నాను. తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. అది అసలు తిప్పతీగ కాకుండా దాన్ని పోలిన మరో జాతి కావచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ చెప్పింది. ఎవరి మాట సరైనదైనా, రోగి చేతిలోని పొడి ఏ మొక్కదో ఎవరూ పరీక్షించి ఇవ్వలేదన్నది మాత్రం తేలింది. మన నిబంధనల్లో దీనికి దారి ఉంది. మొక్కల సారాలను మందులుగా పరీక్షించి ఆమోదించడానికి 2015లో వచ్చిన ఫైటోఫార్మాస్యూటికల్ నిబంధనలు సారంలో కనీసం నాలుగు రసాయనాలను గుర్తించి, కొలిచి చూపమంటాయి. ఆ కొలతలకు కావలసిన పరికరాలు, ఒకే రకమైన సారాన్ని కిలోల లెక్కన తయారుచేసే వసతి మాలాంటి చోట్ల ఎక్కడున్నాయి?

మొక్క నుంచి మధుమేహానికి మందు రాదని నేను అనడం లేదు. వస్తుందనే నా జీవితం ఇందులో పెట్టాను. ఈరోజు కోట్ల మంది వేసుకునే మెట్‌ఫార్మిన్‌కు మూలం గలేగా అనే ఐరోపా మొక్కలోని పదార్థమే. మెట్‌ఫార్మిన్‌ను 1922లోనే తయారుచేశారు. 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ రోగులకు ఇచ్చి చూసి, ఫలితాలు ప్రచురించాకే అది మందుగా నిలబడింది. మధ్యలో పోయిన ముప్పై అయిదేళ్లు చూడండి. మనం ఆ ముప్పై అయిదేళ్లలోనే ఉన్నాం.

చేతకాక కూడా కాదు. వేగిస మీద భారత వైద్య పరిశోధన మండలి 1998లో ప్రచురించిన పరీక్షలో, కొత్తగా మధుమేహం బయటపడిన 97 మందికి ఆ మందు ఇచ్చి పన్నెండు వారాలు గమనించారు. 67 మందిలో చక్కెర అదుపులోకి వచ్చింది. పోల్చడానికి మరో గుంపు లేకపోవడం అందులో లోటు. ఆ లోటునూ తర్వాత మరో పరీక్షలో సరిదిద్దే ప్రయత్నం చేశారు. అంత మంచి మొదలు వేసిన దేశంలో మిగతా మొక్కలు ఎందుకు అనాథలయ్యాయి? వైద్య పరీక్షలన్నిటినీ కలిపి తూచి చూసే కాక్రేన్ సంస్థ 2012లో కాకర మీద సమీక్ష చేసినప్పుడు ప్రపంచమంతా కలిపి వారి ప్రమాణాలకు నిలిచినవి నాలుగే పరీక్షలు, 479 మంది రోగులు. ఫలితం, తేల్చడానికి ఆధారాలు చాలవు. ప్రపంచమంతా తెలిసిన కాకరకే ఈ గతి పడితే పొడపత్రికి ఎవరు దిక్కు?

పది కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్న దేశం మనది. వారిలో ఎందరు రోజూ ఉదయం ఏదో ఒక ఆకు పొడి నోట్లో వేసుకుంటున్నారో మీకు నేను చెప్పనక్కర్లేదు. అవి పనిచేస్తే ఎంత మోతాదులో, ఎవరికి, ఏ మాత్రలతో కలిపి అన్నది తేల్చండి. పనిచేయకపోతే ఆ మాటే ధైర్యంగా ప్రచురించండి. పనిచేయలేదని తేలినా అది నాకు ఫలితమే. విఫలమైన పరీక్షలు బీరువాల్లో ఉండిపోబట్టే ప్రతి ఏడూ కొత్త విద్యార్థి అదే ఎలుకను మళ్లీ చంపుతున్నాడు. వంద మొక్కలకు నిధులు అడగడం లేదు. మూడింటికి ఇవ్వండి, రెండింటికి ఇవ్వండి. రోగుల మీద ఏడాదిపాటు, మందు లేని ఉత్తుత్తి మాత్రతో (ప్లాసిబో) పోల్చి, ఎవరికి ఏది ఇచ్చారో చివరి వరకు తెలియని పద్ధతిలో, రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ కొలుస్తూ చేయనివ్వండి. రెండో దశ ఇవ్వండి. ఇవ్వలేకపోతే, ఇవ్వలేమని రాయండి.

మా ఫ్రీజరులో పొడపత్రి సారం ఉన్న సీసా ఒకటుంది. దాని మీద తేదీ ఆరేళ్ల క్రితంది. రెండో దశ వస్తుందని దాచాం. ఇప్పుడు అది రోగులకు ఇవ్వడానికి పనికిరాదు, మళ్లీ ఆకు సేకరించాల్సిందే. ఒకే చోట, ఒకే కాలంలో కోసిన ఆకు కావాలి. వృక్షశాస్త్రవేత్త చేత గుర్తింపు చేయించాలి. ఈ ఏడాది కోత కాలం దాటితే ఇంకో ఏడాది పోయినట్టే. జంతుశాలలో ఆయన ఇప్పటికీ పనిచేస్తున్నారు, కాస్త కుంటుతూ. మీ దగ్గర నుంచి ఏమైనా వచ్చిందా అని నన్ను అడుగుతుంటారు. కోత మొదలయ్యేలోపు జవాబు పంపించండి.

భవదీయురాలు,
ఒక ఫార్మకాలజీ అధ్యాపకురాలు